చక్రాల కొట్టు: రిమ్ముకు రెండంచులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అల్లాయ్ వీల్స్ మీదే. దసరాకి బండి కొన్నవాళ్లకి దీపావళి నాటికి దాని చక్రాలు బోసిగా కనపడతాయి, ఏటా ఉండే భాగోతమే. నేను 1986లో విజయవాడ ఆటోనగర్‌లో లారీ చక్రాల లాక్‌రింగులు ఊడదీసే కుర్రాడిగా చేరాను. అప్పట్లో రిమ్ము అంటే ఇనుము, రంగు అంటే వెండి రంగు, ఆఫ్‌సెట్ అన్న మాట ప్రింటింగ్ ప్రెస్సు వాళ్ల దగ్గర తప్ప వినలేదు. ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లాడొచ్చి "అంకుల్, ఈటీ 35 పడుతుందా?" అంటున్నాడు. అడగడం మంచిదే. అడక్కుండా ఎక్కించుకుని వచ్చేవాళ్లతోనే నాకు పని ఎక్కువ.

ప్రశ్న: నాది పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. కంపెనీ రిమ్ము వెనక 15×5.5జె, ఈటీ 45 అని ఉంది. టైరు 185/65 ఆర్15. హైదరాబాద్‌లో ఒక షాపతను 16×7జె, ఈటీ 35 అల్లాయ్స్ చూపించాడు. 205/50 ఆర్16 టైర్లతో కలిపి 62 వేలు అంటున్నాడు. "పీసీడీ సేమ్ అన్నా, కళ్లు మూసుకుని ఎక్కించు" అంటున్నాడు. తీసుకోమంటారా?
— ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: కళ్లు మూసుకుని ఎక్కించొచ్చు తమ్ముడూ. దించేటప్పుడు అవే తెరుచుకుంటాయి.

పీసీడీ అంటే బోల్టులన్నీ ఏ వృత్తం మీద ఉన్నాయో ఆ వృత్తం కొలత. అది కలిస్తే చక్రం బిగుస్తుంది, అంతే. బిగిశాక ఎక్కడ నిలబడుతుందో అది చెప్పదు. గోత్రాలు వేరని తెలియగానే పిల్లనిచ్చేస్తామా? ఇంకా చాలా అడుగుతాం కదా. ఇక్కడ అడగాల్సినవి రెండు, వెడల్పు, ఆఫ్‌సెట్. ఈ రెండూ విడివిడిగా చూస్తే తప్పుదారి పట్టిస్తాయి, కలిపి చూడాలి.

15×5.5జెలో 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 5.5జె అంటే టైరు అంచులు కూర్చునే రెండు గట్ల మధ్య దూరం అయిదున్నర అంగుళాలు. రిమ్ము పై అంచు నుంచి పై అంచుకి టేపు పెడితే ఇంకో అంగుళం దాకా ఎక్కువ వస్తుంది. అది చూసి షాపువాడు మోసం చేశాడనుకోవద్దు. జె అనేది అంచు ఆకారానికి గుర్తు, మన లెక్కలో దానితో పనిలేదు. ఇక ఆఫ్‌సెట్, రిమ్ము మీద ఈటీ అని రాసేది అదే. జర్మన్ వాళ్లు ఐన్‌ప్రెస్‌టీఫె అంటారు, దాని పొట్టిపేరు. రిమ్మును నిలబెట్టి పుచ్చకాయలా సరిగ్గా మధ్యకి కోశారనుకో. ఆ కోత గీత నుంచి, హబ్బుకి (బండికి ఉండే, చక్రాన్ని బిగించే భాగం) ఆనుకునే ముఖం ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో అదే ఈటీ. ఆ ముఖం గీతకి వీధివైపు ఉంటే ప్లస్సు, బండివైపు ఉంటే మైనస్సు. మన చిన్న కార్లన్నీ ప్లస్సే. ప్లస్సు అంకె పెరిగితే చక్రం లోపలికి పోతుంది, తగ్గితే బయటికొస్తుంది. సగంమంది ఇక్కడే తిరగేసి చదువుతారు. పెద్ద అంకె అంటే బయటికి ఎక్కువ అనుకుంటారు.

ఇప్పుడు నీ రిమ్ము లెక్క వేద్దాం. నేనైతే కొత్త టైరుకి అంటించి వచ్చే చీటీ వెనక వేస్తాను. అయిదున్నర అంగుళాల్లో సగం దాదాపు 70 మి.మీ. హబ్బు ముఖం దగ్గర నిలబడి చూస్తే వీధివైపు అంచు 70లోంచి 45 తీసేస్తే 25 మి.మీ. దూరంలో ఉంది. లోపలి అంచు 70కి 45 కలిపితే 115 దూరంలో ఉంది. ఇది కంపెనీ పెట్టిన చోటు. షాపతను చూపించినదానికి ఏడంగుళాల్లో సగం 89. వీధివైపు 89లోంచి 35 పోతే 54. లోపలివైపు 89కి 35 కలిస్తే 124. అంటే బయటి అంచు 29 మి.మీ. వీధిలోకి వచ్చింది, లోపలి అంచు 9 మి.మీ. షాక్ అబ్జార్బరువైపు జరిగింది.

చూశావా? ఈటీ తేడా పదే కదా, పది మిల్లీమీటర్లే బయటికొస్తుందని నువ్వు అనుకుని ఉంటావు. మిగతా 19 వెడల్పులోంచి వచ్చింది. అంగుళంన్నర పెరిగితే అటు సగం, ఇటు సగం పంచుకుంటుంది. ఇంకో చిత్రం, ఈటీ తగ్గింది కాబట్టి లోపల ఖాళీ పెరగాలి కదా, పెరగలేదు. ఉన్నదే తగ్గింది. రిమ్ము మారిస్తే ఒక చక్రం మారినట్టు అనుకోవద్దు, రెండు అంచులు మారినట్టు అనుకో. ప్రతి అంచుకీ వేరే లెక్క వెయ్యి.

29 మి.మీ. అంటే రెండు వేళ్ల మందం. బండి నిలబడి ఉన్నప్పుడు చూస్తే అదిరిపోయేలా ఉంటుంది, ఫొటోకి బాగుంటుంది. నేనూ ఒకసారి అలాగే మురిసిపోయాను. 2012 వేసవిలో మా వీధి లెక్చరర్ గారి చిన్న కారుకి 14×5, ఈటీ 45 తీసేసి 15×7, ఈటీ 38 నా చేత్తో నేనే ఎక్కించాను. పీసీడీ చూశాను, మధ్య బోరు, అంటే రిమ్ము నడిమి రంధ్రం, చూశాను. ఈటీ తేడా ఏడే అనుకున్నాను. కాగితం మీద పెట్టి ఉంటే బయటి అంచు 32 మి.మీ. వచ్చిందని తెలిసేది. పెట్టలేదు. ఖాళీ బండిని ఆటోనగర్ గేటు దాకా తిప్పి చూసి సరేనన్నాను. వాళ్లు అయిదుగురు, సామాన్లతో శ్రీశైలం వెళ్లారు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కాక ప్రతి మలుపులోనూ వెనక చక్రం దగ్గర జర్రుమని చప్పుడట. రోడ్డు బాగాలేదనుకున్నారు పాపం. తిరిగొచ్చాక చూస్తే వెనక కుడి టైరు భుజాన్ని మడ్గార్డు లోపలి మడత చెక్కుతూ పోయింది, కొబ్బరి చిప్పలో కత్తి తిప్పినట్టు. జానెడు పొడవు రబ్బరు ముక్క వేలాడుతోంది. ఆ ముక్క కోసి కొట్లో కాంప్రెసర్ పైన మేకుకి తగిలించాను, ఇప్పటికీ ఉంది. తప్పు పూర్తిగా నాదే. రెండు టైర్ల డబ్బు నేనే ఇచ్చాను. అప్పట్నుంచి చీటీ మీద లెక్క వెయ్యకుండా జాకీ ఎత్తను.

చక్రం బయటికొస్తే రాసుకోవడం ఒక్కటే కాదు. కంపెనీవాడు స్టీరింగ్ ఇరుసు గీత నేలని తాకే చోటుకీ, టైరు మధ్యకీ ఇంత దూరం అని లెక్కపెట్టి పెడతాడు. నువ్వు చక్రం బయటికి లాగితే ఆ దూరం మారిపోతుంది. గుంటలో పడ్డప్పుడు స్టీరింగ్ చేతుల్లో తన్నుతుంది, ఒక పక్క ఇసుకా ఒక పక్క తారూ ఉన్నచోట బ్రేకు కొడితే పక్కకి లాగుతుంది. బేరింగు మీద బరువు పడే చోటు కూడా జరుగుతుంది. ఏడాదిన్నర పోయాక గుయ్యిమని శబ్దం వస్తోందని వస్తారు, అప్పటికి రిమ్ముల సంగతి మర్చిపోయి ఉంటారు.

టైరు సంగతి. 185/65 ఆర్15లో 185 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అంటే టైరు పక్క ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులు, 15 రిమ్ము అంగుళాలు. అలా నీ టైరు మొత్తం ఎత్తు 621 మి.మీ. అతనిచ్చే 205/50 ఆర్16 ఎత్తు 611. పది మిల్లీమీటర్లు పొట్టి. అంటే బండి అయిదు మి.మీ. కిందికి దిగుతుంది, స్పీడోమీటరు ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపిస్తుంది. కొంప మునగదు గానీ, 195/55 ఆర్16 అని ఒక సైజుంది, దాని ఎత్తు 621. నీ పాతదానికి కవలపిల్ల. ఉన్న సుఖం వదులుకోవడం దేనికి? ఆ 195/55 టైరు అయిదున్నర నుంచి ఏడంగుళాల రిమ్ము దాకా కూర్చుంటుంది, దానికి సరైన కొలత ఆరు. ఏడుమీద వేస్తే టైరు పక్కలు లాగేసినట్టవుతాయి, గుంటలో పడగానే రిమ్ము అంచే ముందు దెబ్బ తింటుంది. నల్గొండ నుంచి మిర్యాలగూడ రోడ్డు మీద నీకు రోజూ తెలుస్తుంది.

ఇంకో మాట, ఇది ఎవరూ చూడరు. నీ టైరు పక్కన 185/65 ఆర్15 తరవాత 88 అని ఉంటుంది. అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. 195/55 ఆర్16లో మామూలు రకం 87, అంటే 545 కిలోలు. 205/50 కూడా అంతే. లావు టైరు కాబట్టి ఎక్కువ మోస్తుందనుకుంటాం, కాదు. టైరు పక్క ఎత్తు తగ్గింది, లోపల గాలి తగ్గింది. అందుకని ఎక్స్ఎల్ అని రాసున్న 91 రకం అడుగు, అది 615 కిలోలు. దానికి గాలి కొంచెం ఎక్కువ పెట్టాలి, మర్చిపోకు.

నన్నడిగితే 16×6జె, ఈటీ 40 నుంచి 45 మధ్య తీసుకో. 6జె, ఈటీ 45 అయితే రెండంచులూ చెరో 6 మి.మీ. జరుగుతాయి. ఈటీ 40 అయితే బయటికి 11, లోపలికి 1. అదే నాకు నచ్చేది, చక్రం కొంచెం నిండుగా కనపడుతుంది, దేన్నీ తాకదు. ఆరున్నర కావాలని పట్టుబడితే ఈటీ 40తో బయటికి 18, లోపలికి 8 అవుతుంది. అప్పుడు ఎక్కించి చూడకుండా డబ్బులివ్వకు.

ఎక్కించి చూడటం ఎలాగంటే, నేను వినాయక చవితి మట్టి ఉండ ఒకటి దాచుకుంటాను. ముందు చక్రాలకి షాక్ గొట్టం మీద, లోపలి అంచుకి ఎదురుగా, చిటికెన వేలంత లావు మట్టి అతికిస్తాను. చక్రం బిగించి, చేత్తో తిప్పి, స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి, చక్రం విప్పి చూస్తాను. మట్టి నలిగితే ఆ రిమ్ము వద్దు. వెనక చక్రాలకి డిక్కీలో 25 కిలోల బియ్యం బస్తాలు మూడు వేసి, వెనక సీట్లో ముగ్గురు కుర్రాళ్లని కూర్చోబెట్టి, స్పీడుబ్రేకరు మీద వాలుగా ఎక్కించి దించుతాను. మడ్గార్డు మడత మీద ముగ్గుపిండి రాస్తే టైరు తాకిన చోట తెల్ల గీత పడుతుంది. ఖాళీ బండిని కొట్టు ముందు గుండ్రంగా తిప్పి "ఓకే సార్" అనే వాళ్లని నమ్మకు. ఒకప్పుడు నేనూ ఆ జాతివాణ్ణే.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా మార్చొద్దంటుంది. మడ్గార్డు దాటి టైరు పొడుచుకొస్తే బ్రేకు ఇన్‌స్పెక్టరు కళ్లలో ముందు పడేది నువ్వే. రిమ్ములు మార్చాక బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పు.

ప్రశ్న: మా అబ్బాయి ఎవరి దగ్గరో పాత అల్లాయ్ రిమ్ములు నాలుగు కొనుక్కొచ్చాడు. వెనకవైపు నల్ల పెయింటు కొట్టేసి ఉంది, ఏ అంకెలూ కనపడటం లేదు. టేపుతో కొలిచి ఆఫ్‌సెట్ తెలుసుకోవచ్చా? నేను లెక్కల టీచర్ని, సూత్రం చెబితే చాలు.
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నమస్కారం టీచరు గారూ. మీలాంటి వాళ్లు పది మంది ఉంటే నా కొట్టు మూసుకోవాల్సిందే.

టైరు విప్పించండి. టైరు ఉండగా దాని బొజ్జ అడ్డమొచ్చి కొలత తప్పుతుంది. రిమ్మును ముఖం కిందికి పెట్టి, కింద పాత దుప్పటి పరిచి పడుకోబెట్టండి. వెనక అంచు మీద తిన్నటి గజబద్ద అడ్డంగా పెట్టండి. మీ క్లాసులో బోర్డు స్కేలు ఉంటుందిగా, అదే చాలు. స్కేలు అడుగు నుంచి నిలువుగా, హబ్బుకి ఆనే ముఖం దాకా టేపుతో కొలవండి. దీన్ని వెనక లోతు అందాం. తర్వాత రిమ్ము మొత్తం వెడల్పు, ఈ చివరి అంచు నుంచి ఆ చివరి అంచుకి కొలవండి. వెనక లోతులోంచి మొత్తం వెడల్పులో సగం తీసేస్తే వచ్చేదే ఆఫ్‌సెట్. ఉదాహరణకి మొత్తం 178 వచ్చింది, సగం 89. వెనక లోతు 132 వచ్చింది. ఆఫ్‌సెట్ 43. టేపుతో ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది కాబట్టి నాలుగు రిమ్ములూ కొలిచి చూడండి. నాలుగూ ఒకటేనా అన్నది కూడా తేలుతుంది. పాత సరుకులో మూడు ఒక రకం, ఒకటి ఇంకో రకం కలిపి అంటగట్టిన కేసులు నేను చూశాను. రిమ్ము మీద రాసే వెడల్పు కావాలంటే మొత్తం వెడల్పులోంచి ఒక అంగుళం తగ్గించండి. 178 అంటే ఏడంగుళాలు, అంటే అది 6జె.

పీసీడీ కూడా చూడండి. నాలుగు బోల్టులైతే ఎదురెదురు రంధ్రాల మధ్య నుంచి మధ్యకి కొలిస్తే చాలు. అయిదైతే ఎదురు రంధ్రం ఉండదు, కాబట్టి పక్కపక్క రంధ్రాల మధ్య దూరాన్ని 1.701తో గుణించండి. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు, పంచభుజి సంగతి. 67.2 వస్తే 114.3, 58.8 వస్తే 100. నాలుగు బోల్టుల్లో ఒక ఉచ్చు ఉంది, 98, 100. పాత ఫియట్ బళ్లు 98, మారుతీ, హ్యుందాయ్, హోండా చిన్న బళ్లలో చాలావరకు 100. రెండు మిల్లీమీటర్లే కాబట్టి 98 హబ్బుకి 100 రిమ్ము బలవంతాన ఎక్కుతుంది, బోల్టులు వాలుగా బిగుస్తాయి, బిగిశాయనుకుంటాం. పూర్తిగా ఎక్కకపోతే గొడవే లేదు. ఎక్కినట్టే ఎక్కడమే ప్రమాదం.

అసలు విషయం ఇంకోటుంది టీచరు గారూ. పాత రిమ్ముకి వెనకవైపు కొత్త పెయింటు ఎందుకు కొట్టినట్టు? వెనకవైపు ఎవరూ చూడరు కదా. థిన్నరులో గుడ్డ ముంచి లోపలి అంచు చుట్టూ, ఊచల మొదళ్ల దగ్గరా తుడిపించండి. వెల్డింగు ఉబ్బు గానీ, వెంట్రుకంత గీత గానీ కనపడితే ఆ రిమ్ము వాడే ప్రసక్తే లేదు, పాతసామాన్ల వాడికి కిలోల్లెక్కన ఇచ్చేయండి. పెయింటు పోతే అంకెలూ బయటపడతాయి. జేడబ్ల్యూఎల్ అని ముద్ర ఉంటే అది జపాన్ ప్రమాణం. మన ఐఎస్ఐ గుర్తయినా ఉండాలి. దగ్గర్లోనే మ్యాక్స్ లోడ్ అని ఎన్ని కిలోలో ఉంటుంది. అది ఒక్క రిమ్ము మోసే బరువు. మనుషులూ సామానూ నిండా ఎక్కినప్పుడు మీ బండిలో ఒక్కో చక్రం మీద పడే బరువుకి అది తగ్గకూడదు. చిన్న కారు రిమ్ము ఏడుగురెక్కే బండికి పనికిరాదు, బోల్టులు కలిసినా సరే.

అబ్బాయిని తిట్టకండి. తిట్టినా రెండు రోజులకి మర్చిపోతాడు. కొలత మాత్రం వాడి చేతే చేయించండి.

ప్రశ్న: నా మారుతీ కారుకి కొత్త అల్లాయ్స్ వేసినప్పటి నుంచి 80 దాటగానే స్టీరింగ్ వణుకుతోంది. మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను. ఆఫ్‌సెట్ తప్పా?
— వరంగల్ నుంచి

జవాబు: ఆఫ్‌సెట్ మీద అన్ని పాపాలూ వెయ్యొద్దు. మధ్య బోరు చూడండి. బజారు రిమ్ములు అన్ని బళ్లకీ పట్టాలని మధ్య రంధ్రం పెద్దగా పెడతారు, 73.1 మి.మీ. మామూలు. మీరు చెప్పిన మారుతీ హబ్బు 54.1. మధ్యలో వదులుంది కాబట్టి చక్రాన్ని మధ్యకి తెచ్చేది బోల్టులొక్కటే, అవి వెంట్రుకవాసి తేడాగా బిగిసినా 80 దాటాక చేతిలో తెలుస్తుంది. బ్యాలెన్సింగ్ మిషను మీద రిమ్ము కోనులో కూర్చుంటుంది కాబట్టి అక్కడ అంతా సున్నా చూపిస్తుంది. అందుకే మూడుసార్లు చేయించినా మీకు ఫలితం లేదు. ఆ వదులు పూడ్చే హబ్ రింగులు, 73.1కి 54.1వి, నాలుగు వేయించండి. అల్యూమినియంవి దొరికితే మంచిది. చక్రం నేలకి ఆనకముందే నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి.

ప్రశ్న: నా ఫ్రెండు జిమ్నీ చక్రాలు భలే బయటికుంటాయి. ఎలాగని అడిగితే దాని ఈటీ 5 అన్నాడు. నా కారుకి స్పేసర్లు వేసి అలా తెచ్చుకోవచ్చా?
— కర్నూలు నుంచి

జవాబు: మీ ఫ్రెండు చెప్పింది నిజమే. జిమ్నీ కంపెనీ రిమ్ము 15×5.5జె, ఈటీ 5, బోల్టులు 5×139.7. పైన నల్గొండ తమ్ముడి రిమ్ము వెడల్పు కూడా అయిదున్నరే, ఈటీ 45. ఒకటే వెడల్పు, 40 మి.మీ. తేడా. కానీ జిమ్నీ కింద ఛాసిస్ వేరే, ముందూ వెనకా గట్టి ఇరుసులు, మడ్గార్డుల మీద నల్లటి వెడల్పు పట్టీలు. ఆ ఈటీకి తగ్గట్టు బండి అంతా కట్టారు. ఏనుగు అంబారీ గుర్రం మీద వేస్తామా?

స్పేసరు అంటే హబ్బుకీ రిమ్ముకీ మధ్య పెట్టే బిళ్ల. అది ఎన్ని మిల్లీమీటర్లయితే ఈటీలోంచి అన్ని తీసెయ్యండి. 45 మీద 20 స్పేసరు వేస్తే 25. బయటి అంచు 20 వస్తుంది, లోపల 20 ఖాళీ అవుతుంది. లోపల రాసుకుంటున్న రిమ్ముకి 3 మి.మీ., 5 మి.మీ. పల్చటి స్పేసరు వేసి తప్పించడం వరకు నేను ఒప్పుకుంటాను, అదీ బోల్టు ఇంకా సరిపడా చుట్లు లోపలికి వెళ్తుంటేనే. పొడవు చాలకపోతే పొడుగు స్టడ్డులు వేసుకోవాలి. ఫొటో కోసం 20, 25 వేసుకునేవాళ్లకి నా కొట్లో స్పేసర్లు దొరకవు. పక్క కొట్లో దొరుకుతాయని నాకు తెలుసు, చెప్పను.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లో పికప్ కొన్నాడు. రిమ్ముకి బ్యాక్‌స్పేసింగ్ నాలుగున్నర అంటాడు. ఈటీ ఎంత అంటే వాడికి తెలియదు. ఎలా మార్చాలి?
— గుంటూరు నుంచి

జవాబు: అక్కడ ట్రక్కుల వాళ్లు అంగుళాల్లో వెనక లోతు చెప్పుకుంటారు మాస్టారూ. పైన టీచరు గారికి చెప్పిందే. వాడి రిమ్ము 8 అంగుళాలైతే మొత్తం వెడల్పు 9, సగం నాలుగున్నర. వెనక లోతూ నాలుగున్నర. అంటే ఈటీ సున్నా. అదే ఎనిమిది రిమ్ముకి లోతు అయిదున్నర ఉంటే ఒక అంగుళం, అంటే ప్లస్ 25. వెడల్పు చెప్పకుండా ఊరికే నాలుగున్నర అంటే ఏమీ తెలియదు. వాణ్ణి వెడల్పు అడగండి. అంత దూరం నుంచి మాట్లాడటానికి ఒక సాకు దొరికింది కదా.

ప్రశ్న: వెడల్పు రిమ్ము వేస్తే మైలేజీ తగ్గుతుందా?
— తిరుపతి నుంచి

జవాబు: తగ్గుతుంది. వెడల్పు టైరు వేసి, బరువు రిమ్ము వేసి, గాలి చూసుకోకపోతే ఇంకా తగ్గుతుంది. అల్లాయ్ అనగానే తేలిక అనుకోకండి, చవక పోతరిమ్ములు ఇనుప రిమ్ము కంటే బరువుండేవి కూడా నా చేత్తో ఎత్తాను.

అడగని మాట ఒకటి చెప్తాను. కొత్త అల్లాయ్స్‌తో పాటు కొత్త నట్లు ఇస్తారు, వాటి ముక్కు కోనులా ఉంటుంది. కంపెనీ నట్ల ముక్కు కొన్ని బళ్లలో గుండ్రంగా ఉంటుంది, కొన్నిట్లో చదునుగా వాషరుతో ఉంటుంది. డిక్కీలో ఉన్న స్టెప్నీ పాత రిమ్మే కదా, దానికి పాత నట్లే కావాలి. అవి షాపులో వదిలెయ్యకుండా గుడ్డసంచిలో మూటకట్టి స్టెప్నీ మధ్యలో పెట్టుకోండి. అర్ధరాత్రి మామండూరు దగ్గర పంక్చరైతే వెతుక్కునేది వాటికోసమే.